నా వ్యాసానికి నేనే దొంగనైన రోజు

నిన్న నా పీహెచ్‌డీ పరువు దక్కిందంటే, అమీర్‌పేటలో ఒక జిరాక్స్ షాపు పుణ్యం! నవ్వకండి, నిజం.

థీసిస్ ఇవ్వడానికి నిన్నే ఆఖరి రోజు. తప్పితే మళ్లీ ఆరు నెలలు ఆగాలి. పొద్దున్నే లైబ్రరీకి వెళ్లి విజయ మేడమ్ ముందు కాపీ పెట్టాను. కాపీ కొట్టామో లేదో సాఫ్ట్‌వేర్‌లో చూసి, క్లియరెన్స్ ఇచ్చేది ఆవిడే.

"మూడో చాప్టరంతా ఎవరిదో పేపర్‌తో కలుస్తోందేంటమ్మా?"

"మేడమ్, ఆ ఎవరో నేనే! నా పేపరే అది!"

"రాసింది నువ్వే. హక్కులు జర్నల్ వాళ్లకి రాసిచ్చావు కదా? థీసిస్‌లో వాడుకోవచ్చని వాళ్లు ఒప్పుకున్న కాగితం ఏది?"

రెండేళ్ల కిందట ఆ ఫారం మీద సంతకం పెట్టిన మాట నిజమే. అందులో ఏముందో మాత్రం దేవుడికే తెలియాలి. మెయిల్ వెతికితే సంతకం ఉన్న చివరి పేజీ ఒక్కటే దొరికింది. జర్నల్ వాళ్లకి రాస్తే, పదిహేను పనిదినాల్లో జవాబిస్తామని ఆటోమేటిక్ రిప్లై. నాకున్నది సాయంత్రం ఐదు దాకా!

అప్పుడు గుర్తొచ్చింది. ఆ ఫారం ప్రింటు తీసి, సంతకం పెట్టి, స్కాన్ చేయించింది మా హాస్టల్ సందులో యాదగిరి అన్న షాపులో. వెంటనే ఆటో ఎక్కాను. పంజగుట్ట దగ్గర ట్రాఫిక్ కదలదే! దిగి, చున్నీ నడుముకు చుట్టుకుని, అమీర్‌పేట దాకా పరుగు. కోచింగ్ సెంటర్ పిల్లలు దారిచ్చారు, పాపం.

"అన్నా, రెండేళ్ల కిందట ఒక జర్నల్ ఫారం... నా వ్యాసం థీసిస్‌లో వాడుకోవచ్చని అందులో ఉందేమో..."

"జర ఊపిరి తీస్కో అక్కా," అంటూ కంప్యూటర్‌లో వెతికాడు. నా పేరుతో ఫోల్డర్! "గా రోజు నువ్వు లాస్ట్ పేజీ ఒక్కటే స్కాన్ చెయ్యమంటివి. నాకు మనసొప్పలే. నాలుగు పేజీలు చేసి పెట్టిన. నీకు కావాల్సింది మూడో పేజీల ఉన్నది, సూడు."

నిజంగానే ఉంది! రచయిత తన థీసిస్‌లో ఈ వ్యాసం వాడుకోవచ్చు, జర్నల్ పేరు చెబితే చాలట.

"నువ్వు చదివావా అన్నా?"

"సంతకం పెట్టే కాయితం సదవకుంట ఎవలన్న పెడ్తరా అక్కా?"

ఊళ్లోవాళ్ల కాగితాలన్నీ ఇలా దాచకూడదన్నా అని క్లాసు పీకాల్సిన దాన్ని, రెండు చేతులెత్తి దండం పెట్టాను. ఆయన ఆ రోజు నా మాట విని ఉంటే నా ఆరు నెలలు గంగలో కలిసేవి. థాంక్స్ పేజీలో మా గైడ్ గారి పేరు కిందే ఆయన పేరు టైపు చేయించి, ఆ పేజీ మార్చుకునే తిరిగి వెళ్లాను.

నాలుగున్నరకి మేడమ్ స్టాంపు వేశారు. ఏడుపొక్కటే తక్కువ నాకు! తర్వాత ఆవిడ తాపీగా అట్ట తిప్పి, థీసిస్ పేరు పైకి చదివారు.

"పరిశోధకుల్లో కాపీరైట్ అవగాహన."

నేను ఫ్యాన్ వైపు చూస్తూ నిలబడ్డాను. ఆవిడ చివరి చాప్టర్ తీశారు. 'చాలామంది రచయితలు ఒప్పందం చదవకుండానే సంతకం చేస్తున్నారు' అని నేనే ఎంతో బాధపడుతూ రాసిన వాక్యం. దాని పక్కన పెన్సిల్‌తో చిన్నగా రాసి, కాపీ నా వైపు తిప్పారు.

'ఈ రచయిత్రితో సహా.'