పిలార్ బల్ల దగ్గర

నారింజ తొక్కలో గోరు దిగగానే పైకి చిమ్మే ఘాటు వాసనకు ఈ ఉదయం, క్యారీ ఊళ్ళోని మా వంటింట్లో, నా చేయి ఒక్క క్షణం ఆగిపోయింది. పిలార్ గుర్తొచ్చింది. ఆవిడను నేను చూసింది ఒకే ఒక్క వారం, 2009 మార్చిలో. ఆవిడ భాష నాకు రాదు, నా భాష ఆవిడకు రాదు. అయినా నాకు నేర్పినవాళ్ళను తలుచుకుంటే ముందు ఆవిడే గుర్తుకొస్తుంది.

మా అమ్మాయి నీలిమ నాకు నలభై ఒకటో ఏట పుట్టింది. కాలేజీ మూడో ఏడాదిలో ఒక సెమిస్టర్ చదవడానికి స్పెయిన్‌లోని గ్రనాడా వెళ్ళింది. అక్కడ ఉన్నది పిలార్ ఇంట్లో. భర్త పోయి ఒంటరిగా ఉంటున్న డెబ్బై ఏళ్ళ మనిషి ఆవిడ. ఫిబ్రవరిలో నీలిమ ఫోన్ చేసి, "అమ్మా, నువ్వూ నాన్నా ఒకసారి రండి. ఒకటి చెప్పాలి. ఫోన్‌లో కాదు," అంది. ఏమిటన్నాను. "వచ్చాక చెప్తా." నేను మందుల కంపెనీలో తనిఖీ పని చేసి రిటైరయినదాన్ని. తేదీ లేని కాగితం కనిపిస్తే అది వేయించేదాకా కదలని మనిషిని. విమానం దిగేలోగా నా ఊహలో అది చదువు మానేసింది, ఎవరినో పెళ్ళి కూడా చేసేసుకుంది.

చేరిన రోజు నుంచీ అడుగుతూనే ఉన్నాను. కొండమీద కోట చూపిస్తుంటే అడిగాను, బస్సులో అడిగాను.

"ఏమిటే ఆ సంగతి?"

"తర్వాత, అమ్మా."

"తర్వాతంటే? ఏ రోజు?"

అది ముఖం తిప్పుకుని ముందుకు నడిచేది. "ఊరుకోవోయ్, అదే చెప్తుంది," అనేవారు మావారు.

ఆదివారం పిలార్ మమ్మల్ని భోజనానికి పిలిచింది. మేము మాంసం తినమని శనగలూ పాలకూరా కలిపి వండింది. నీలిమ ఆవిడను "పిలార్, పిలార్" అంటుంటే నాకు ఇబ్బందిగా ఉంది.

"అంత పెద్దావిడని పేరు పెట్టి పిలుస్తావా? ఆంటీ అనొచ్చుగా."

"ఇక్కడ ఆంటీ అంటే నవ్వుతారమ్మా."

తిన్న చేయి ఎండకూడదని మా అమ్మ చిన్నప్పటినుంచీ నేర్పింది. ఆఖరి ముద్ద మింగగానే లేవడం, ఆ లేవడంలోనే నలుగురి కంచాలూ తీసేయడం నాకు అలవాటు. రొట్టె ముక్కలతో చేత్తోనే తిన్నాను కనుక వెంటనే లేచాను. పిలార్ నా చేతిలోంచి ప్లేట్లు లాక్కుని మళ్ళీ బల్లమీద పెట్టింది. ఏదో అంది.

"కూర్చోమంటోంది," అంది నీలిమ. "ఇక్కడ తిన్నాక లేవరు. ప్లేట్లకి కాళ్ళు లేవు, ఎక్కడికీ పోవట."

"మీ అమ్మకి కడిగితేగాని అన్నం అరగదని చెప్పు," అన్నారు మావారు. నీలిమ చెప్పింది. పిలార్ పెద్దగా నవ్వి నాకో తడిగుడ్డ అందించింది. చేయి తుడుచుకుని కూర్చున్నాను.

ఆవిడ చిన్న కత్తితో నారింజలు ఒలుస్తూ తలా ఇన్ని తొనలు ఇస్తోంది. ఎవరూ మాట్లాడలేదు. మా ఇంట్లో అలాంటి ఖాళీ ఎప్పుడూ ఉండేది కాదు. ఎంతసేపటికో నీలిమ, తొక్కలను చూస్తూ, "లాస్ట్ ఇయర్ నేను బాగాలేనమ్మా," అంది.

అంతకు ముందు ఏడాది చలికాలంలో అది క్లాసులకు వెళ్ళడం మానేసిందట. మంచం దిగబుద్ధయ్యేది కాదట. రూమ్మేట్ తిండి తెచ్చిపెట్టేదట. మాకు ఫోన్ చేసినప్పుడు మాత్రం అంతా ఫైన్ అనేది. ఈ సంగతి మొదట విన్నది పిలార్.

ఏ నెలలో? డాక్టర్‌కి చూపించావా? మాకెందుకు చెప్పలేదు? మూడూ ఒకేసారి నోటిదాకా వచ్చాయి. పిలార్‌కి మాట అర్థం కాకపోయినా నా ముఖం అర్థమైంది. ఒక తొన నా అరచేతిలో పెట్టి, నా వేళ్ళు మూసి, వాటిమీద తన చేయి ఉంచింది. తీయలేదు. నేను నోరు మూసుకున్నాను.

"నీకు చెప్తే నువ్వు ఫిక్స్ చేసేస్తావమ్మా," అంది నీలిమ. "వెంటనే. లిస్ట్ రాసి. నాకు అది వద్దు. ఇప్పుడు డాక్టర్‌తో మాట్లాడుతున్నా. నిద్ర పడుతోంది. జస్ట్ నీకు తెలియాలి, అంతే."

మావారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. నీలిమ ఇంకా చాలా చెప్పింది, నేను అడిగి ఉంటే చెప్పనివన్నీ. కిటికీ ఎండ బల్లమీంచి గోడమీదికి పాకింది. ప్లేట్లలో కూర ఎండి అట్టకట్టింది.

బయల్దేరేటప్పుడు పిలార్ నా రెండు బుగ్గలమీదా ముద్దుపెట్టి ఏదో అంది. "నాకు కోపమొస్తే నేను తలుపు గట్టిగా వేస్తానని నామీద చాడీ చెప్తోంది," అంది నీలిమ నవ్వుతూ. "నా పోలికే అని చెప్పు," అన్నాను.

2013లో పిలార్ పోయింది. నీలిమ ఇప్పుడు ఫ్రీమాంట్‌లో ఉద్యోగం చేస్తోంది. ఫోన్లో మాట్లాడుతూ మాట్లాడుతూ ఒక్కోసారి ఆగిపోతుంది. ఏమైంది, ఎప్పటినుంచి, అని అడగాలనే ఉంటుంది నాకు. ఈ వయసులో ఆ గుణం పోదు. అడగను. మొన్న శుక్రవారం ఆఫీసు సంగతేదో చెబుతూ అలాగే ఆగింది. దాని ఊపిరి వినిపిస్తోంది. వింటూ కూర్చున్నాను.

"అమ్మా, ఉన్నావా?" అంది కాసేపటికి.

"ఉన్నాను," అన్నాను.