అరగంట ఊఁ కొట్టడం

సైకాలజీ ఆనర్స్ ఆఖరి ఏడాదిలో మాకొక ప్రాక్టికల్ ఉండేది. ఎదుటి మనిషి అరగంట మాట్లాడాలి, మనం వినాలి. సలహా ఇవ్వకూడదు, అడ్డు రాకూడదు, మరీ తప్పకపోతే ఊఁ అనొచ్చు. ఇందులో నెగ్గినవాళ్ళనే మా ఊళ్ళో అగ్రికో అనే పేటలో ఒక బడికి పంపుతారు. అక్కడ పిల్లల బాధలు వినే కౌన్సెలర్ పక్కన నెల రోజులు కూర్చోవచ్చు. ఆ కుర్చీ కోసమే నేను ఈ చదువులో చేరాను.

మొదటిసారి నా ఎదురుగా కూర్చున్నది మా క్లాసు అమ్మాయి. హాస్టల్లో రూమ్మేటుతో పడటం లేదని తను నోరు తెరిచిందో లేదో, నేను గది మార్పించేసి, వార్డెన్‌తో ఏం చెప్పాలో కూడా నేర్పేశాను. మా మేడం బెంగాలీ ఆవిడ, నెమ్మదస్తురాలు. "నిన్ను పంపితే ఆ పిల్లలు ఇక నోరు విప్పరు" అని నవ్వి, ఇంకొక్క అవకాశం ఇచ్చారు. ఈసారి బయటి మనిషిని తెచ్చుకోమన్నారు.

నాన్నని అడిగితే షిఫ్టు ఉందన్నాడు. షిఫ్టు లేని రోజు చూసి అడిగినా అదే అన్నాడు. ఇక మిగిలింది అమ్మ.

సోనారి పేటలో మా ఇంటి నుంచి స్కూటర్ మీద కాలేజీకి తీసుకెళ్ళాను. పెళ్ళిళ్ళకు కట్టే చీర కట్టింది, మేడం కోసం డబ్బా నిండా జంతికలు తెచ్చింది. మీకు ఏ భాష వస్తే అందులోనే మాట్లాడండి, నాకు తెలుగు రాకపోయినా మీ అమ్మాయి ముఖం చూస్తే చాలు అన్నారు మేడం.

మా ఇంట్లో అమ్మ తెలుగులో ఒకటంటే నేను హిందీలో రెండంటాను. జంషెడ్‌పూర్ తెలుగు పిల్లలం చాలామందిమి అంతే. ఇలా తెలుగులో రాయడం నేను ఆ తర్వాతెప్పుడో నేర్చుకున్నది. నేను ఎదురు చెప్పకూడని అరగంట అమ్మ తన జన్మలో చూడలేదు, ఆవిడకి పండగే అయింది.

"పొద్దున్న లేత్తే పక్క మడతెట్టవు. తలకి నూనె రాయవు. అత్త ఫోన్ సేత్తే ఎత్తవు."

"ఊఁ."

"అచ్చం మీ నాన్న పోలికే."

"ఊఁ."

"ఏటే, బెల్లం కొట్టిన రాయిలాగ కూకున్నావు? ఊఁ కొట్టడానికా ఇన్నేళ్ళు సదివించాం?"

ఒళ్ళు మండింది. అయినా ఊఁ అన్నాను. మేడం మెచ్చుకోలుగా చూశారు.

తిట్లు అయిపోయాయి. అమ్మ కొంగు సర్దుకుంది, గోడ మీది గడియారం చూసింది. ఇంట్లో అయితే ఈపాటికి నేను ఏదో ఒకటి అనేసి లేచి వెళ్ళిపోయేదాన్ని.

"ఇలాగ నువ్వు పలక్కుండా ఉంటేనే బాగుందే" అంది అమ్మ, గొంతు తగ్గించి. "హిందీలో గబగబా అనేత్తావు, నాకు సగం తెలీదు. బజార్లో బేరమాడే హిందీ వత్తాది గానీ నీ హిందీ నాకు రాదు. తెలిసినట్టు తలూపేత్తాను. మళ్ళీ అడిగితే ఇసుక్కుంటావు కదా."

ఆ తలూపుడు చూసి ఇన్నేళ్ళూ అమ్మ ఒప్పుకుందనే అనుకున్నాను. ఈ చదువు నాకెందుకో చెప్పిన రోజు కూడా అమ్మ తలే ఊపింది.

ప్రాక్టికల్ సంగతి మరిచిపోయి జవాబు చెప్పబోయాను. నోటి దాకా వచ్చింది హిందీ. తెలుగులో వెతికితే అన్నం పెట్టు, బండి తాళాలేవి, వస్తున్నా లాంటివి ఉన్నాయి గానీ ఇలాంటప్పుడు అమ్మతో అనాల్సిన మాట ఒక్కటీ దొరకలేదు.

అరగంట అయిందని మేడం లేచారు. జంతిక కొరుకుతూ, మాట నాలుక చివరి దాకా వచ్చినా ఆపుకున్నావు చూడు, వినడమంటే అదీ అని హిందీలో తెగ పొగిడారు. అగ్రికో బడికి వెళ్ళేవాళ్ళలో నన్నూ చేర్చారు.

అమ్మ నా మోచెయ్యి గిల్లింది. "ఏటంటన్నారే మీ మేడం?"

తలూపలేదు, అడిగింది. నేను కుర్చీ దగ్గరికి లాక్కుని, తడుముకుంటూ, తెలుగులో చెప్పడం మొదలుపెట్టాను.