పట్టాల మధ్య ముగ్గురు

మా అక్క మొన్న మంగళవారం పోయింది. గన్నవరం దగ్గర మా ఊళ్ళో, నా ఇంట్లోనే. నాకు నలుగురిలో మాట్లాడటం చేతకాదు. చూడటానికి వచ్చినవాళ్ళకు రెండు ముక్కలు మించి చెప్పలేకపోయాను. అందుకే రాస్తున్నాను. నేను చదివింది ఊరి బళ్ళోనే, తప్పులుంటే దిద్దుకోండి.

మా బావ రైల్వేలో పట్టాలు బాగుచేసే గ్యాంగ్‌మన్. బెజవాడ నుంచి గుడివాడ వెళ్ళేది అప్పట్లో పట్టాలు దగ్గరగా ఉండే చిన్న లైను. బుడమేరు పొంగిన ఒక ఏడు, రైలు కట్ట కాపలాకని వెళ్ళినవాడు తిరిగి రాలేదు. శవం దొరకలేదు. పెద్దలు దర్భలతో బొమ్మ చేయించి దహనం చేశారు. అక్క గాజులు తీశారు, బొట్టు చెరిపారు. పిల్లలు లేరు. నా దగ్గరికి వచ్చేసింది.

ఏటా ఆ తిథినాడు గారెలు, గోంగూర చేసి బావకు ఆకులో పెట్టేది. పొద్దున్నే ముఖం కడుక్కుని అద్దం ముందు నిలబడితే, అలవాటు కొద్దీ వేలు నుదుటి దాకా వెళ్ళేది. అక్కడ ఆగేది. చెమట తుడుచుకున్నట్టు చేసి వెనక్కి తీసుకునేది. నేను చూడనట్టే ఉండేవాణ్ణి.

నాలుగైదేళ్ళ కిందట గుడివాడలో ఒక పెళ్ళికి వెళితే, ఆ ఇంటి వసారాలో ఒక పాత ఫోటో కనిపించింది. రైలు పట్టాల మధ్య ముగ్గురు మనుషులు భుజం భుజం ఆనించి నిలబడి ఉన్నారు. నడిమివాడు మా బావ.

"మా మావగారిదండీ. ఆయన పోయాక అది ఎక్కడిదో, ఎప్పటిదో చెప్పేవాళ్ళు లేరు. కావాలంటే తీసుకెళ్ళండి," అంది ఆ ఇల్లాలు.

ఇంటికొచ్చి ఫోటో చూపిస్తే అక్క ఒకటే అడిగింది. "ఇది వరదకి ముందుదా, తర్వాతదా?"

ముందుదైతే ఒక జ్ఞాపకం. తర్వాతదైతే బావ బతికే ఉండి, అక్కను వదిలేసినట్టు.

ఫోటోలో వెనకాల బియ్యం మిల్లు పొగగొట్టం ఉంది. దాని అంచు ఒక పక్క విరిగింది. ఆ గొట్టం ఎక్కడుందో వెతుకుదామని ఫోటో సంచిలో పెట్టుకుని ప్యాసింజరు ఎక్కాం. బొగ్గు నుసి కళ్ళల్లో పడుతున్నా అక్క కిటికీ వదల్లేదు. ఉప్పులూరు దాటాక నా చెయ్యి పట్టుకుంది. తర్వాతి స్టేషనులో దిగి కట్ట వెంట వెనక్కి నడిచాం. అదే గొట్టం, అదే విరుపు. అక్కణ్ణుంచి మా ఊరికి నడిచి రావచ్చు.

అక్క పట్టాల మధ్యకు వెళ్ళి, "నా పక్కన నుంచో," అంది. నిలబడ్డాను. ఇంకో మనిషి పట్టే చోటు మిగిలింది.

గేట్‌మన్ కేకేశాడు. "ఏం పెద్దాయనా, పట్టాలు కొంటారా? బేరం తెగేలోగా బండొస్తుంది, దిగండి."

దిగాం. చిన్న లైనులో ఇద్దరు నిలబడితేనే ఇరుకు. ముగ్గురు పట్టారంటే అది వెడల్పాటి పెద్ద లైను. పెద్ద లైను పడింది వరదైపోయిన ఎన్నో ఏళ్ళకు.

అక్క ఫోటో మళ్ళీ చూసింది. బావ కాస్త ఒళ్ళు చేసి ఉన్నాడు. "మనం ఏటా పెట్టిన గారెలు ఒంటికి బాగానే పట్టినట్టున్నాయ్‌రా," అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

రైల్లో అడిగింది. "ఇప్పుడు నేను బొట్టు పెట్టుకోవాలా, వద్దా? నువ్వు చెప్పు."

నేను ఫోటో తీసుకుని సంచిలో పెట్టాను.

"నువ్వెప్పుడు చెప్పావులే. నేను పోయేదాకా ఎవరితోనూ అనకు. చచ్చాడంటే జాలిపడ్డారు, వదిలేశాడంటే నవ్వుతారు."

ఆ ఏడూ తిథినాడు ఆకు వేసింది. ఇంకా ఎందుకక్కా అన్నాను.

"బతికున్నోడికి మాత్రం ఆకలెయ్యదా?" అంది.

మంగళవారం అక్కకు స్నానం చేయించి తెల్లచీర కట్టారు. ఒట్టి నుదురుతోనే పాడె మీదికి ఎత్తబోతుంటే, "బొట్టు పెట్టండి," అన్నాను. అందరూ నావైపు తిరిగారు.

"మీ బావ పోయి ఎన్నేళ్ళయిందయ్యా," అంది పక్కింటి పెద్దమ్మ.

"అప్పుడు పోలేదు," అన్నాను.

ఆవిడ కుంకుమలో వేలు అద్దుకుని వంగింది. ఆ వేలు అక్క నుదుటి దగ్గర ఆగింది, అద్దం ముందు అక్క వేలు ఆగినట్టే. ఈసారి వెనక్కి రాలేదు.