గవ్వలపేటది మజ్జానం

చేపముల్లు గొంతులో దిగితే మా ఇళ్లలో ఒకటే వైద్యం. కూర కలపని ఉత్త అన్నం ముద్ద చేసి మింగమంటారు. ముద్దతో పాటు ముల్లూ దిగిపోతుంది. నా గొంతులో ఒక మాట అలాగే అడ్డం పడి ఏళ్లు గడిచాయి. ఎన్ని ముద్దలు మింగినా దిగలేదు. చిత్రం ఏమిటంటే, అది అబద్ధం కూడా కాదు. నిజమే. రెండు ముక్కల నిజం.

మీకే ఎందుకు చెబుతున్నానంటే, మీరెవరో నాకు తెలియదు కాబట్టి. తెలిసినవాళ్ల ముందు నోరు పెగలదు. పేరు రాయను. మా పేటవాళ్లెవరైనా చదివితే నాలుగు వాక్యాలకే పోల్చేస్తారు. పోల్చుకోనివ్వండి. ఒకవేళ అదే నాకు కావాలేమో, అదీ నాకు తెలియదు.

మా గవ్వలపేట శ్రీకాకుళం జిల్లాలో సముద్రాన్ని ఆనుకుని ఉంటుంది. ఒకపక్క మా అమ్మోరి వీధి, ఇంకోపక్క చర్చివీధి, మధ్యలో వలలు ఆరేసుకునే ఖాళీ జాగా. నీళ్లు వెనక్కి తీసినప్పుడు తడి ఇసుక గట్టిపడుతుంది. దానిమీద వెదురుకర్రలు పాతి ఫుట్‌బాల్ ఆడేవాళ్లం. మా నాన్నల రోజుల్లో ఒకటే క్లబ్బు, పేట పేరే దాని పేరు. తరవాత టోర్నమెంట్లన్నీ ఆదివారాలు పెట్టడం మొదలైంది. చర్చివీధి వాళ్లు ఆదివారం పొద్దుటి ఆరాధన మానరు. మేచ్ ఉందంటే మా వీధివాళ్లు ఆగరు. కొన్నాళ్లు గొణుక్కుని, కొన్నాళ్లు మొహాలు ముడుచుకుని, చివరికి వాళ్లు వేరే క్లబ్బు పెట్టుకున్నారు. కొట్లాటేమీ జరగలేదు. పేరు దగ్గర మాత్రం ఎవరూ తగ్గలేదు. పేరు పేటది, మీ ఒక్క వీధిది కాదని వాళ్లు. మేమేమైనా వేరే ఊరి నుంచి దిగామా అని మేము. అలా రెండు గవ్వలపేటలయ్యాయి. మా చొక్కాలు ఎరుపు, వాళ్లవి నీలం. రాష్ట్రం కంటే ముందే మేం రెండయ్యామని ఆ తరవాత మావాళ్లు హాస్యమాడేవారు.

చుట్టుపక్కల టోర్నమెంట్లు పెట్టేవాళ్లందరికీ ఈ సంగతి తెలుసు. ఆదివారం ఆట పడితే నీలం గవ్వలపేటకి మధ్యాహ్నం మేచ్ ఇవ్వడం ఆనవాయితీ. ఎక్కడా రాసి పెట్టుకున్నది కాదు, అదొక మర్యాద. ఆ మర్యాదనే నేను వాడుకున్నాను.

నీలం వాళ్ల ఫార్వర్డ్ పేరు దానియేలు. నేనతన్ని బావా అంటాను, అతను నన్ను బావా అంటాడు. చుట్టరికం లేదు, చిన్నప్పటి నుంచీ నోటికి అలవాటు. బంతి అతని కాలి దగ్గరికి వస్తే ఒడ్డున కూర్చుని వల అల్లుతున్న ముసలాళ్లు కూడా చేయి ఆపి చూసేవారు. మా ఎర్ర క్లబ్బులో నేను గోల్‌కీపర్‌ని, మా తమ్ముడు సూరి ఫార్వర్డు. సూరి బాగా ఆడతాడు. దానియేలు ఇంకా బాగా ఆడతాడు. ఈ రెండు వాక్యాలూ పక్కపక్కన పెట్టడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది.

ఆ ఏడు రాజాంలో టోర్నమెంటు. నా చేతివేలు విరిగి కట్టు కట్టించుకున్నాను కాబట్టి ఆడలేను. ఆట లేకపోతేనేం, మైకు ఇచ్చారు. నా గొంతు మంచిదని అందరూ అంటారు. అమ్మోరి సంబరాల్లో నేను మైకు పడితే పిల్లలు ఏడుపు మాని వింటారు. గొప్ప చెప్పుకుంటున్నాననుకోకండి, ఆ గొంతే నన్ను పట్టిస్తుందని చెప్పడానికి ఇదంతా. టోర్నమెంటు నడిపే మాస్టారి ఫోన్లో 'గవ్వలపేట' అన్న పేరు మీద ఉన్నది ఒక్క నా నంబరే. రెండు క్లబ్బుల కబుర్లూ నాకే వచ్చేవి. నేను నీలం వాళ్లకి అందించేవాడిని. ఎప్పుడూ ఒక్క కబురు కూడా తప్పలేదు, ఆ శనివారం దాకా.

ఆ శనివారం మాస్టారు ఫోన్ చేశారు. జట్లు ఎక్కువయ్యాయి, ఈసారి నీలం గవ్వలపేటకి ఆదివారం పొద్దున్న ఎనిమిదింటికి పడింది, మీ ఎర్ర జట్టుకి మధ్యాహ్నం పడింది అన్నారు. వాళ్లకి ప్రార్థన ఉంటుందని నాకు తెలుసయ్యా, కుదరకపోతే సాయంత్రంలోగా చెప్పమను, మీ రెండు మేచ్‌లూ అటూఇటూ మార్చేస్తాం, ఒకే పేటవాళ్లు కదా, మీలో మీకు పేచీ ఏముంటుంది అన్నారు. ఫోన్ పెట్టేసేముందు ఇంకొక మాట కూడా చెప్పారు. విజయనగరం నుంచి ఒక కోచ్ గారు వస్తున్నారట. పెద్ద జట్టులోకి ఒక ఫార్వర్డు కావాలట. ఆయన వచ్చేది ఆదివారం మధ్యాహ్నం మాత్రమే.

ఇప్పుడు మీకు అంతా అర్థమై ఉంటుంది. నాకూ ఆ క్షణంలోనే అర్థమైంది. దానియేలుకి చెబితే మార్చమంటాడు. మారిస్తే మధ్యాహ్నం కోచ్ ముందు ఆడేది దానియేలు. సూరి పొద్దున్నే ఖాళీ మైదానంలో ఆడి ఇంటికొచ్చేస్తాడు. చెప్పకపోతే?

ఆలోచించానా? ఆలోచించలేదని చాలాసార్లు నాకు నేను చెప్పుకున్నాను. తమ్ముడి మీద ప్రేమ అన్నాను, నోరు జారిందన్నాను, చెబుదామనుకుంటూ మరిచిపోయానన్నాను. ఇవేవీ నిలబడలేదు. ఆ సాయంత్రం వలల జాగా దగ్గరికి నేను ఊరికే వెళ్లలేదు. దానియేలు ఎదురుపడితే ఏం అనాలో కూడబలుక్కునే వెళ్లాను. ఎదురుపడకపోతే బాగుండునని కూడా అనుకున్నాను. ఎదురుపడ్డాడు. చెక్కబల్ల మీద కూర్చుని బూట్లకి కొత్త తాళ్లు ఎక్కిస్తున్నాడు.

"ఏటి బావా, రాజాం కబురేటి? రేపు మేచ్ ఎప్పుడంట?" అన్నాడు తల ఎత్తకుండానే.

"గవ్వలపేటది మజ్జానం," అన్నాను.

"అయితే బాగుంది. ప్రార్థనైపోగానే బేగి బయలెల్లిపోతాం. ఏలు నొప్పి తగ్గినాదేటి నీకు?"

"తగ్గతన్నాది."

అంతే. అబద్ధం ఎక్కడుంది చెప్పండి? గవ్వలపేటది మధ్యాహ్నమే. మా గవ్వలపేటది. ఇన్నేళ్లూ ఆ పేరు ఎవరిదని రెండు వీధులూ వాదించుకున్నాయి. ఆ ఒక్క పూట పేరు ఇద్దరిదీ కావడం నాకు పనికొచ్చింది. అతను నా వేలి గురించి అడగకపోయినా బాగుండేది.

ఆదివారం పొద్దున్న రాజాం మైదానంలో ఎదుటి జట్టు దిగి ఒళ్లు వేడి చేసుకుంటోంది. నీలం చొక్కా ఒక్కటీ లేదు. వాళ్లకి చెప్పావు కదా అని మాస్టారు అడిగారు. చెప్పానండి అన్నాను. ఇది మాత్రం అచ్చమైన అబద్ధం. మొదటిది నిజంలాంటిది కాబట్టి రెండోది సులువుగా వచ్చేసింది. మూడుసార్లు పిలవాలి, రాకపోతే ఎదుటివాళ్లు గెలిచినట్టు. అది రూలు. పిలవవలసింది నేను.

పిలిచాను. 'గవ్వలపేట, చర్చివీధి, నీలం జట్టు వెంటనే మైదానంలోకి రావాలి.' మొదటిసారి నా గొంతు మామూలుగానే ఉంది. రెండోసారి పిలిచేటప్పుడు దానియేలు ఆ సమయానికి చర్చిలో పాట ఎత్తుకుంటూ ఉంటాడని గుర్తొచ్చింది. అక్కడ ముందు పాడేది అతనే. మూడోసారి కావాలనే గట్టిగా పిలిచాను, పైకి చాలా బాధపడుతున్నవాడిలాగ. మైదానం అవతల టీ కొట్టువాడు కూడా అయ్యో పాపం అన్నాడట. నన్ను చూసి.

వాళ్లు మధ్యాహ్నం దిగారు. వ్యానులోంచి పాటలు పాడుకుంటూ, బూట్లు మెడలో వేలాడేసుకుని. అప్పటికే నీలం చొక్కాలు తొడుక్కుని ఉన్నారు. అప్పుడు మైదానంలో ఎర్ర చొక్కాలు ఆడుతున్నాయి. దానియేలు గీత దగ్గర నిలబడి కాసేపు ఏమీ అర్థం కానట్టు చూశాడు. మాస్టారు వెళ్లి చెప్పారు. నీలం కుర్రాళ్లు నావైపు తిరిగి కేకలు వేయబోతే దానియేలే ఆపాడు.

"తప్పు నాది," అన్నాడు. "బావ గవ్వలపేటది మజ్జానమనే సెప్పినాడు. ఏ గవ్వలపేట అని నానే అడగనేదు. ఒగ్గీండి."

నేను అప్పుడు మైకు పట్టుకునే ఉన్నాను. అందులో ఒక్క మాట చెబితే మైదానం మొత్తానికీ వినపడేది. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను.

ఆట అయ్యాక కోచ్ గారు సూరిని పిలిచి, గవ్వలపేటలో ఒక మంచి ఫార్వర్డు ఉన్నాడని విన్నాను, నువ్వేనా అని అడిగారు. సూరి అమాయకంగా ఔనండీ అన్నాడు. ఆయన విన్నది ఎవరి గురించో నాకు తెలుసు. పేరు ఇంకొకసారి మాకు పనికొచ్చింది. సూరి విజయనగరం వెళ్లాడు, పెద్ద జట్టుకి ఆడాడు, ఆ ఆటతోనే ఉద్యోగం వచ్చింది. మంచివాడు నా తమ్ముడు. పేట పిల్లలకి ఇప్పటికీ బూట్లు పంపుతాడు, రెండు వీధులవాళ్లకీ. వాడికి ఈ సంగతి తెలియదు. చెబితే వాడి గెలుపు వాడిది కాకుండా పోతుందని భయం. నిజంగా వాడి కోసమే భయపడుతున్నానా? వాడి వెనక దాక్కుంటున్నానా?

దానియేలు బతుకేమీ చెడిపోలేదు. ఇది నేను తరచూ నాకు చెప్పుకునే మాట. అరసవల్లి దగ్గర ఆటో నడుపుతాడు, ఇద్దరు పిల్లలు, నవ్వుతూనే ఉంటాడు. అయితే మరుసటి ఏడు వాళ్ల చొక్కాల మీద గవ్వలపేట లేదు. బైబిల్లో యేసు తిరిగిన చోటు 'గలిలయ' పేరు ఉంది. అక్కడా సముద్రం, చేపలు పట్టేవాళ్లే కదా అన్నాడు దానియేలు. ఒకే పేరుండబట్టే ఇంత తికమక వచ్చింది, మీరే ఉంచుకోండి బావా అన్నాడు. వాళ్ల నాన్న కూడా ఆడిన పేరు అది. మా వీధివాళ్లు గెలిచామనుకున్నారు. నేనూ వాళ్లతో పాటు తలాడించాను. ఆ తరవాత రెండేళ్లకే అతను పెద్ద ఆటలు మానేశాడు.

అసలు శిక్ష ఇంకొకటి ఉంది. ఎవరైనా మాట సరిగ్గా చెప్పకపోతే 'ఏ గవ్వలపేట?' అనడం మా పేటలో సామెత అయిపోయింది. సంతలో, పడవ దగ్గర, పెళ్లి మాటల్లో, ఎక్కడైనా సరే. కూర ఏమిటని నా భార్య అడిగితే చేప అంటాను. ఏ చేపో చెప్పనందుకు, ఏ గవ్వలపేట అని నవ్వుతుంది. ఆమె మామూలుగానే అంటుంది. గుమ్మడికాయల దొంగలాగ భుజాలు తడుముకునేది నేను. అందరూ ఆ తప్పుని పేరు మీద వేశారు, దానియేలు తన మీద వేసుకున్నాడు. నా మీద ఒక్క వేలూ లేవలేదు. లేచి ఉంటే ఇంతకంటే తేలికగా ఉండేదేమో.

మొన్న దానియేలు మా ఇంటికొచ్చాడు. సాయంత్రాలు అతనిప్పుడు ఇసుక మీద పిల్లలకి ఆట నేర్పుతున్నాడు, రెండు వీధుల పిల్లలూ కలిసే వస్తారు. గుమ్మంలోనే నిలబడ్డాడు, లోపలికి రమ్మన్నా రాలేదు.

"పిల్లగుంటలు గవ్వలపేట పేరే కావాలంతన్నారు బావా. మీకేటీ ఇబ్బంది నేకపోతే ఎట్టుకుంటాం," అన్నాడు.

తన పేట పేరు తనకి ఇవ్వమని నన్ను అడుగుతున్నాడు. నా చేతిలో మంచినీళ్ల చెంబు ఉంది. అది అతనికి అందించాను.

"నన్నడగాలేటి బావా. ఎట్టుకో," అన్నాను.

దయగలవాడిలాగ అన్నాను. చెంబెత్తి నీళ్లు తాగి, వెళ్తూ వెళ్తూ వెనక్కి తిరిగాడు. వచ్చే ఆదివారం పిల్లల మేచ్ ఎన్నింటికో కనుక్కుని చెప్పమన్నాడు. నువ్వయితే సరిగ్గా సెప్తావు బావా అన్నాడు. ఎగతాళి కాదు. అతనికి ఎగతాళి రాదు. అదే నాకు భరించడం కష్టమైంది.

క్షమించమని నేను మిమ్మల్ని అడగడం లేదు. అడగవలసింది మిమ్మల్ని కాదు. అడగవలసినవాడు మా ఇంటికి అరిచినంత దూరంలో ఉంటాడు, అయినా అడగలేదు. రేపు అడుగుతానని కూడా మాటివ్వను, నా మాట ఎలాంటిదో ఇప్పటికే చూశారు. కానీ ఇదంతా ఒక్క తప్పు అక్షరం లేకుండా మొదటిసారి బయటికి చెప్పాను. ఊపిరి కొంచెం ఆడుతోంది.

ఆ శనివారం వలల జాగాలో అతను బూట్లకి తాళ్లు ఎక్కిస్తూ అడిగినప్పుడు నేను చెప్పవలసిన మాట ఇది. వినవలసినవాడు లేనిచోట చెబుతున్నాను.

మీ గవ్వలపేటది పొద్దున్న బావా, ఎనిమిదింటికి. మార్సమంటే మారుస్తారంట.