తువ్వాల కింద నా వెబ్‌సైట్ ధర

ఆ రోజుల్లో, అంటే మన రాష్ట్రం మనకొచ్చిన కొత్తలో, వెబ్‌సైట్‌కు ఎంత తీసుకోవాలో హుజూర్‌నగర్‌లో ఎవరికీ తెలియదు. చేయించుకునేవాళ్లకు తెలియకపోవడం సహజమే. తయారు చేసే నాకూ తెలియకపోవడమే చిక్కు. డిగ్రీ అయ్యాక నల్గొండలో కోర్సు నేర్చుకుని, ఇంట్లో ముందరి అర్రలో ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నాను. ఇంటర్నెట్‌లో పనులను వేలంపాటకు పెట్టే చోట నా ధర రాసి పంపేదాన్ని. ఎంత తక్కువ రాసినా, అంతకంటే తక్కువకు చేసేవాళ్లు ప్రపంచంలో ఎక్కడో ఒకచోట మేలుకునే ఉండేవారు. ఊళ్లో ఇంకో తంటా. అవతలి మనిషి నోరు తెరవకముందే నేనే తగ్గించేదాన్ని. "ఎనిమిది వేలు సార్... ఆరైనా పర్వాలేదు సార్... మీ ఇష్టం సార్" అని ఒక్క ఊపిరిలో. (ఒకాయన పాపం మంచినీళ్లు తాగుతున్నాడు. గ్లాసు దించేలోగా నేను నాలుగు వేలకు వచ్చేశాను.)

నాయిన నెమ్మదస్తుడు. "దసరా దాకా చూడు బిడ్డా, నడువకుంటే బి.ఎడ్.కు రాయి" అన్నాడు. చిన్నాయన మాత్రం ఒప్పుకోలేదు. ఆయన గొర్రెల వ్యాపారి, నా ల్యాప్‌టాప్ ఆయన పొట్టేళ్లు అమ్మి కొనిచ్చిందే. కాబట్టి అది నడవకపోతే ఆ అవమానం పొట్టేళ్లదీ, ఆయనదీ.

అంతలో కొత్తగా కట్టిన ఒక ఫంక్షన్ హాల్ ఓనర్‌కు వెబ్‌సైట్ కావలసి వచ్చి ముగ్గురిని ధర చెప్పమన్నాడు. ఒకరు కోదాడ నుంచి. రెండోవాడు బస్టాండ్ ఎదుట ఫ్లెక్సీలు కొట్టేవాడు, వెబ్‌సైట్‌తోపాటు రెండు ఫ్లెక్సీలు ఉచితమన్నాడు. మూడోదాన్ని నేను. సంగతి విని చిన్నాయన తువ్వాల దులిపి భుజాన వేసుకున్నాడు. "నేనొస్త పా. ఆడ నువ్వు నోరు ఇప్పకు."

ఓనర్ గదిలో నేను ల్యాప్‌టాప్ తెరిచి నమూనా చూపించబోయాను. ఎవరూ చూడలేదు. చిన్నాయన తన కుడిచేతి మీద తువ్వాల కప్పి ముందుకు చాపాడు. ఓనర్ ముఖం ఒక్కసారి వెలిగింది. వయసులో ఉన్నప్పుడు ఆయనా ఎడ్ల బేరాలు చేసినవాడేనట. తనూ తువ్వాల కిందికి చెయ్యి పోనిచ్చాడు. పశువుల అంగట్లో బేరం అట్లాగే నడుస్తుంది. ధర నోటితో అనరు, వేళ్లు పట్టి చెప్పుకుంటారు, చుట్టూ ఉన్నవాళ్లకు తెలియకుండా. ఆ గదిలో చుట్టూ ఉన్నది నేనొక్కదాన్నే.

"గింతనా?"

"గంతనే."

"జర జూడు తమ్మీ."

"పండ్లు జూస్కోరాదె అన్నా! లేతది, జబ్బెరుగది" అన్నాడు చిన్నాయన, గొర్రె వయసు పండ్లలో చూసుకొమ్మన్నట్టు నా ల్యాప్‌టాప్ వైపు గడ్డం ఎత్తి చూపిస్తూ.

తువ్వాల కాసేపు కదిలి ఆగిపోయింది. బేరం కుదిరింది. బయటికి వచ్చాక "ఎంతకు చిన్నాయనా?" అంటే "పదిహేను వేలు" అన్నాడు. నేను అడిగి ఉంటే నాలుగు వేలకు తెగేది. బండి మీద సగం దూరం వచ్చాక, నేను ల్యాప్‌టాప్ సర్దుకుంటున్నప్పుడు ఓనర్ చెవిలో వేసిన మిగతా మాట మెల్లగా బయటపెట్టాడు. "జబ్బు చేస్తే మనమే చూస్కుంటమన్న. మల్ల, గొర్రెతోటి ఓ పిల్ల గుడ ఇస్తనన్న."

"వెబ్‌సైట్‌కు పిల్లేంది చిన్నాయనా?"

"నాకేమెరుక బిడ్డా? చదువుకున్నదానివి నువ్వు."

పిల్ల ఏమిటో త్వరలోనే తేలింది. నందికొండలో చేపల పచ్చడి అమ్మే ఓనర్ బావమరిదికి ఒక చిన్న వెబ్‌సైట్, ఊరికే. అది చేసిచ్చాను. జబ్బుల సంగతే ఎడతెగలేదు. ఫోన్‌కు ఛార్జింగ్ ఎక్కకపోయినా, ప్రింటర్‌లో కాగితం ఇరుక్కున్నా, మనవడి పరీక్ష దరఖాస్తు పోకపోయినా ఓనర్ నాకే ఫోన్ చేసేవాడు. "జబ్బు జేస్తే జూస్తమన్నరు గద బిడ్డా!" చిన్నాయన మాట పోతుందని నేను పోయేదాన్ని. దసరా వచ్చింది, పోయింది. నాయిన నన్ను బి.ఎడ్. గురించి అడగలేదు కానీ, రోజంతా ఎక్కడ తిరుగుతున్నానో అర్థంకాక అదోలా చూసేవాడు.

ఒకరోజు హాల్లో పెళ్లి జరుగుతుండగా పిలుపు వచ్చింది. మైకు కుయ్యిమంటాందట. పోయాను. మైకు చేతికిచ్చి ఓనర్ పక్కనే నిలబడ్డాడు. కింద ఊడిన తీగను మళ్లీ గుచ్చాను, కుయ్యిమనడం ఆగింది. దాంతో నాలో ఇంకేదో కదిలింది. నెమ్మదిగానే, ఆయనకు మాత్రమే వినబడేట్టు అన్నాను. "సార్, వెబ్‌సైట్ ఒక్కటే నేను చూస్త. ఫోన్లు, మైకులు నావి గావు. వచ్చే నెల నుంచి వెబ్‌సైట్ చూస్కునేదానికి గుడ నెలకు వెయ్యి రూపాయలు."

మైకు బాగైపోయిందన్న సంగతి, అది నా చేతిలోనే ఉందన్న సంగతి మరిచాను. నెలకు వెయ్యి రూపాయలు అన్న మాట నాలుగు స్పీకర్లలోంచి హాలంతా మోగింది. పంతులుగారు మంత్రం ఆపారు. పెళ్లికొడుకు తలెత్తి చూశాడు. అలవాటు ప్రకారం "ఐదు వందలైనా పర్వాలేదు సార్" అనడానికి నా నోరు సిద్ధంగానే ఉంది, కానీ అంతమంది విన్నాక తగ్గించడం ఎట్లా?

ఓనర్ కడుపు పట్టుకుని నవ్వాడు. "గింత గట్టిగ జెప్పాల్నా బిడ్డా! ఇస్త తియ్యి. గీ ముచ్చట మొదలే అంటే అయిపోతుండె గద!"

భోజనాల దగ్గర ఒకాయన విస్తరి ముందు నుంచే నన్ను పిలిచాడు. నార్కట్‌పల్లి దగ్గర హైవే మీద హోటల్ ఉందట. "మా హోటల్‌కు గుడ గట్ల చేస్తవా? గదే రేటా?"

"మీకు పన్నెండు వందలు సార్" అన్నాను.

ఎందుకు పెంచానో నాకే తెలియదు. ఆయన తల ఊపి పెరుగు వేయించుకున్నాడు. ఈరోజుల్లో నేను పంపే కొటేషన్లు చూసి ఈ పనిలోకి కొత్తగా వచ్చిన కుర్రాళ్లు "మీకంత ధైర్యం ఎట్లొచ్చింది మేడం?" అని అడుగుతుంటారు. ఏం చెప్పను? ఆ పూట పెళ్లి భోజనంలో ఏం తిన్నానో ఒక్కటీ గుర్తులేదు. చారు చున్నీ మీద ఒలికిందని మాత్రం గుర్తుంది.