కొడుకు ఫొటో ముందు సిగరెట్ పెట్టె

ఈ రోజు మా పెద్దోడి సంవత్సరీకం. సిగరెట్లు తాగి తాగి ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో పోయాడు. ఫొటో ముందు వాడికి ఇష్టమైనవి పెడుతుంటే, రాచర్ల నుంచి వచ్చిన మా మరిది సిగరెట్ పెట్టె కూడా పెట్టాడు. మా పెద్దోడి కూతురు, తొమ్మిదో తరగతి పిల్ల, దాన్ని తీసేసింది.

"దీంట్లో విషమే కాదు చిన్నతాతా, రేడియేషన్ వచ్చే పదార్థం కూడా ఉంటది."

"రేడియేషన్ సెల్ టవర్లో ఉంటది గానీ, సిగరెట్లో ఏందే?"

"టవర్ వద్దని ఊరంతా సంతకాలు పెట్టించినావు. దీన్నేమో జేబులో పెట్టుకొని తిరుగుతుండావు!"

మరిది పెట్టె తీసుకుని బయటికి పోయి, ఉత్త చేతులతో తిరిగొచ్చాడు. అందరం నవ్వాం. ఆ చోట జొన్నరొట్టె పెట్టాం.

మీ ఇళ్లలోనూ పోయినవాళ్లకు సిగరెట్ పెడతారా? చెప్పండి. వాడు బతికుండగా నేను గట్టిగా అనలేకపోయిన మాట, ఈ రోజు వాడి కూతురు అంది.