సార్ బల్ల మీది బీకరు

నిన్న హన్మకొండ చౌరస్తాలో కళ్లద్దాల షాపతను విరిగిన నా కళ్లజోడుకు ఒక్క చుక్క జిగురు అద్దాడు. ఆ ఘాటు ముక్కుకు తగలగానే ఎనభైల మొదట్లోని మా కాలేజీ ప్రయోగశాల, జ్ఞానప్రకాశం సార్, ఆయన పక్కన నిలబడ్డ సరళ గుర్తొచ్చారు. సరళ గుర్తొస్తే నాకు ఇప్పటికీ నోరు చేదెక్కుతుంది.

సార్ మాకు ఫార్మసీ చెప్పేవారు. క్యాన్సర్ మందు ఒళ్లంతా పాకి గడ్డతో పాటు మంచి కణాలనూ చంపుతుంది. జుట్టు రాలుతుంది, తిన్నది నిలవదు. ఆ మందును కంటికి కనిపించనంత చిన్న పాలిమర్ రేణువుల్లో పొదిగితే ఎక్కువ భాగం గడ్డకే చేరుతుందని ఆయన ఆశ. ఆ రేణువులు తయారయ్యేది ఈ జిగురు జాతి ద్రవంతోనే. ఆమ్లం కలిపిన నీళ్లలో దాన్ని చుక్కచుక్కగా వేస్తూ కలియబెట్టాలి. నీళ్లకు పల్చని నీలి మెరుపు వస్తే రేణువులు కుదిరినట్టు. తొందరపడితే ముద్ద.

సార్ దగ్గర పరిశోధనకు ఉన్నది ఒక్కటే సీటు. పోటీలో ఉన్నది నేనూ, డోర్నకల్ రైల్వే గార్డు కూతురు సరళా. "చెరొక బీకరు పట్టుకోండ్రి. ఎవరిది నీలంగొస్తే వాళ్లే నా దగ్గరుంటరు" అన్నారు సార్. ఆ సీటు లేని బతుకును నేను ఊహించుకోలేదు.

ఆ రోజు కరెంటు పోయి కలియబెట్టే యంత్రం ఆగింది. ఇద్దరం గాజుకడ్డీలు పట్టుకున్నాం. సరళ చేయి ఒకే తీరున తిరుగుతోంది. ఆమె బీకరునే చూస్తూ, నా దాన్ని కడిగిన సబ్బు పూర్తిగా వదిలిందో లేదో నేను చూసుకోలేదు. సబ్బు తగిలితే ఆ ద్రవం ఇట్టే గట్టిపడుతుంది. ఆమె నీళ్లలో నీలం తొంగిచూసేసరికి ఆగలేక నా ద్రవమంతా ఒక్కసారే వంపేశాను. కడ్డీ బిగుసుకుపోయింది. లాగితే బీకరు కూడా లేచొచ్చింది.

"సమ్మయ్యా, జెండా పాతినవ్ గదా!" అని సరళ పగలబడి నవ్వింది. సీటు ఆమెకు పోయింది.

కొన్నాళ్లకు సార్ నన్ను ఇంటికి పిలిచారు. వాళ్లమ్మ చిక్కుడుకాయలు తుంచుతూ, "మావోడు పొద్దుమాపు ఏం జేస్తడు కొడుకా? అడిగితే ఇంగ్లీష్‌ల జెప్తడు" అంది.

"క్యాన్సర్ గడ్డకిచ్చే మందును సన్నని గింజలల్ల దాసి పంపుతున్నరవ్వా. తొవ్వల ఒలకకుంట గడ్డ కాడికి పోవాలని" అన్నాను నేను.

"గీ ముక్క జెప్పనీకి నీకు ఇన్నేండ్లు బట్టిందారా?" అని ఆమె కొడుకును దెప్పింది.

సార్ నన్ను వాకిట్లోకి తీసుకొచ్చి, "నీకు చెయ్యి నిలువది గని మాట నిలుస్తది. పేపర్ల నాకు తెలిసినాయన ఉన్నడు, పోయి కలువు" అన్నారు. వదిలించుకుంటున్నారనుకున్నాను. అయినా వెళ్లి కలిశాను.

నేను రాసిన మొదటి సైన్సు వార్త సార్, సరళల పని గురించే. సరళ పేరు నా చేత్తోనే రాయాల్సి వచ్చింది. "క్యాన్సర్‌కు వరంగల్ మందు" అని శీర్షిక పెట్టి సార్‌కు చూపించడానికి వెళ్లాను. బల్ల మీద కడ్డీ నిలబడ్డ నా బీకరు, దాని కింద కాగితాలు. ఎగతాళికే పెట్టుకున్నారనిపించింది.

"ఎవరికి తగ్గింది?" అన్నారు సార్, శీర్షిక చదివి.

"ఎలుకలకు సార్."

"మరి ఎలుకలకని రాయి. రేపు దవాఖానల మంచం మీదున్నోడు ఇది చదువుతడు. వాని ఆశతోని ఆడకు."

ఏళ్ల తర్వాత సార్ చనిపోయాక ఆయన గది ఖాళీ చేస్తుంటే సరళా నేనూ కలిశాం. ఆమె బీకరు చేతిలోకి తీసుకుంది. "నేను ఎన్ని జేసినా ఒక్కటన్న బల్ల మీద బెట్టుకోలె. వచ్చినోళ్లందరికి గిదే చూపిచ్చి నీ వార్తల ముచ్చట జెప్పేటోరు. నాకు కడుపు మండేది, ఎరికేనా?"

అంత సంతోషం నాకు ఏ వార్త అచ్చయినప్పుడూ కలగలేదు. అంతలోనే ఆమె దాన్ని సంచిలో వేసుకుంది.

"సీటు నీకే పాయె. బీకరన్నా నాకియ్యి" అన్నాను.

"ఇయ్య పో" అంది.

అది ఇప్పటికీ ఆమె ఇంట్లోనే ఉంది. నాకు మిగిలింది ఒక ప్రశ్న. ఏ కొత్త మందు వార్త నా ముందుకొచ్చినా, "ఎవరికి తగ్గింది?" అని అడగందే కలం కదలదు. అది సార్ నాకే ఇచ్చారు. అందులో సరళకు వాటా లేదు.